పులివెందుల లైను

మా ఆడబిడ్డ అక్కమ్మ కొడుక్కి జీతం పద్దెనిమిది వందలైన దినం ఆమె మా ఇంటికి మైసూరుపాకు తెచ్చింది. నేను తిన్నాను. బాగుందని కూడా చెప్పినాను. ఆ తర్వాత రెండు దినాలు కడుపులో మంట ఆరలేదు. అది నెయ్యి వల్ల వచ్చిన మంట కాదని నాకు తెలుసు.

"అంతా మీ ఈశ్వరి పుణ్యమే సంజీవమ్మా," అనింది అక్కమ్మ, మంచం మీద కాళ్లు మడుచుకోని కూర్చోని. "ఆ పిల్ల చెప్పబట్టే కదా శెట్టి మా చెన్నకేశవను అంగట్లో పెట్టుకున్నాడు. ఇప్పుడు లైను గుమాస్తా అయినాడు. ఇంగ మోపెడు కొంటాడంట. నేను వద్దంటే వింటేనా."

"వద్దని ఎందుకంటావులే వదినా."

"నా కాళ్ల నొప్పులు వానికి తెలుసు కదమ్మే. ఎనక కూర్చోబెట్టుకోని గుడికి తీస్కపోతాడంట."

కాళ్ల నొప్పులు నాకూ ఉన్నాయి. మా ఇంటాయన జ్వరంతో పోయినాక, ముద్దనూరు పక్క ఊర్లో గొర్రెలు అమ్మేసి, కూతుర్ని ఎత్తుకోని ప్రొద్దుటూరు వచ్చినాను. అప్పటి నుంచి పప్పు మిల్లులో కందిబేడలు చెరుగుతాండా. ఎనక కూర్చోబెట్టుకునే కొడుకు నాకు లేడు. ఉండేది ఈశ్వరి ఒక్కతే. దానికి ఆ నెల జీతం ఏడు వందలు. చెన్నకేశవకు పని నేర్పించింది అదే.

లైను అంటే ఏందో తెలియని వాళ్లకు చెప్తా. ఈశ్వరి పనిచేసేది రంగయ్య శెట్టి బంగారు అంగట్లో. ఆ అంగట్లో అన్నిటికంటే పెద్ద పని లైను గుమాస్తాది. ఈడ చేసిన నగలు తీసుకోని వారానికి రెండుసార్లు బస్సెక్కాల. జమ్మలమడుగు, ముద్దనూరు, పులివెందుల తిరగాల. ఆ ఊర్లలో చిన్న అంగళ్లోళ్లకు కొత్త సరుకు ఇచ్చి, బదులు పాత బంగారు తీసుకోవాల. తీసుకునే ముందు గీటురాయి మీద గీసి, రాగి ఎంత కలిసిందో తేల్చాల. ఆడ ఒక గీత తప్పు చదివితే అంగడికి నెల లాభం పోతాది.

ఇరవై ఏండ్లు ఆ పని ఫకీర్ సాహెబు చేసినాడు. ఆయనకు కండ్లు మసకలు కమ్మినప్పుడు ఈశ్వరిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "నా చేతికి నీ కండ్లు అరువియ్యి బిడ్డా," అనేటోడంట. ఆయన గీసేది, ఇది చూసి చెప్పేది. రెండేండ్లకు చూడకుండానే చెప్పే కాడికి వచ్చింది. గాజు చేతిలో పట్టుకోని బరువు చూసి, "దీంట్లో ఏదో ఉంది మామా," అంటే నిజంగానే ఉండేది.

ఇంగ ఆ యేండ్ల సంగతి. ఎలక్షన్లు వస్తే చాలు, రెండు పార్టీల ఊర్ల మధ్యన బస్సులు ఆపేటోళ్లు. లోపలికి ఎక్కి మొగోళ్లను ఒక్కొక్కర్ని, "యా ఊరప్పా, ఎవరి మనిషివి," అని అడిగేటోళ్లు. చెప్పిన ఊరు నచ్చకపోతే కిందికి దింపేటోళ్లు. దిగినోడు ఇల్లు చేరేది దేవుని దయ. ఆడోళ్లను మాత్రం తాకేటోళ్లు కాదు. అది వాళ్ల కట్టుబాటు. ఆ కట్టుబాటు రంగయ్య శెట్టికి బాగా పనికొచ్చింది. ఊర్లు చల్లగా ఉన్నప్పుడు లైనుకు సాహెబు పోయేటోడు. ఊర్లు కాలేటప్పుడు మా ఈశ్వరి పోయేది.

సరుకు సంచిలో కాదు, ఒంటి మీదనే. కాసులపేరు, నెక్లెసు, చేతికి ఆరేసి గాజులు ఏసుకోని, పట్టుచీర కట్టుకోని, పెండ్లికి పోయేదాని మాదిరి బస్సులో కూర్చునేది. పులివెందులలో ఒక్కొక్కటే విప్పి ఇచ్చేది. వచ్చేటప్పుడు మెడ బోసి, చేతులు బోసి. "పోయేటప్పుడు పెండ్లికూతుర్ని, వచ్చేటప్పుడు అన్నీ తాకట్టు పెట్టుకున్నదాన్ని," అని నవ్వేది. పాత బంగారు టిఫిను గిన్నెలో, పెరుగన్నం కింద దాచుకోని తెచ్చేది. అట్ల ఐదుసార్లు పోయింది.

లైనుకు పోయిన దినం జీతం మీద చేతి ఖర్చుకిచ్చే బట్టా సాహెబుకు అరవై రూపాయలు. దీనికి ఇరవై. ఎందుకు సావుకారూ అని ఇది అడిగితే, "అంత బంగారు ఏసుకుని తిరిగే భాగ్యం ఊరికే వస్తాదా మే, దానికి నేనే నీ దగ్గర వసూలు చేయాల," అన్నాడంట శెట్టి. అంగట్లో అందరూ నవ్వినారంట.

సాహెబు పని మానుకున్న దినం అందరి ముందర, "లైను ఈ పిల్లకియ్యి శెట్టీ, నాకంటే బాగా చేస్తాది," అని చెప్పిపోయినాడు. ఈశ్వరి ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే నా ఎదురుగా నిలబడింది.

"అమ్మా, ఆ పని నాదే. వేరే ఎవరికి వస్తాది చెప్పు."

దాని మొగంలో అంత ఆకలి నేను ఎప్పుడూ చూడలేదు. సంతోషపడాల్సింది. నాకు భయమేసింది. ఐదుసార్లు పోయినప్పుడే ప్రతిసారీ అది శవమై వచ్చినట్టు, నేను తల బాదుకుంటాన్నట్టు మనసులో చూసుకున్నదాన్ని. ఇప్పుడు వారానికి రెండుసార్లు.

అదే వారంలో జమ్మలమడుగు బస్టాండు దగ్గర బాంబులు ఏసుకున్నారు. ఆ దినం ఈశ్వరి అంగడి బాకీ వసూలుకు ఆ ఊరికే పోయింది. నేను ప్రొద్దుటూరు బస్టాండులో నాలుగు గంటలు నిలబడినాను. ఎంతమంది దేవుండ్లకు మొక్కుకున్నానో లెక్క లేదు. కడపటికి బస్సు వచ్చింది. ఇది జామకాయ కొరుక్కుంటా దిగి, "ఉప్పుకారం తక్కువేసినాడే," అనింది.

మరుసటి దినం అది స్నానం చేసేటప్పుడు నేను మార్కెట్టు వీధికి పోయినాను. శెట్టి అప్పుడే అంగడి తీసి దేవుని పటానికి అగరొత్తులు తిప్పుతాండాడు.

"సామీ, మా బిడ్డను లైనుకు పంపద్దు. ఒక్కగానొక్క బిడ్డ. ఆ పని ఎవరన్నా మొగోనికియ్యి," అన్నాను.

శెట్టి అగరొత్తులు దింపినాడు. "నువ్వు తల్లివి. నీ మాట నేనెట్ల కాదంటా," అన్నాడు. ఎంత బిరీన ఒప్పుకున్నాడో నేను అప్పుడు గమనించలేదు. "మీ మేనల్లుడు చెన్నకేశవకు ఇస్తాలే. రేపు పొద్దున వాళ్లిద్దరికీ పెండ్లయితే దుడ్లు ఎవరి జేబులో పడితే ఏంది, అంతా ఒగటే ఇల్లు కదమ్మా."

నేను తలూపినాను. మాలో మేనత్త కొడుకంటే ఆడపిల్ల పుట్టిన దినమే మొగుడు ఉన్నట్టు లెక్క. ఎవరూ తాంబూలాలు మార్చుకోలేదు, మాట ఇవ్వలేదు. అయినా నేను నమ్మినాను. ఎవరినీ అడగకుండా, ఈశ్వరిని కూడా అడగకుండా నమ్మినాను.

ఆ తర్వాత వచ్చిందే మైసూరుపాకు.

మోపెడు వచ్చింది. మా సందులోకి తిరిగేటప్పుడు చెన్నకేశవ రెండుసార్లు హారను కొట్టేటోడు. ఒకసారి కొడితే చాలదా అనుకునేదాన్ని. అక్కమ్మ ఇంటికి గ్యాసు పొయ్యి వచ్చింది, వసారాకు నాపరాళ్లు పరిచినారు. ఏది వచ్చినా ఆమె నన్ను పిలిచి చూపించేది. నేను పోయి చూసేదాన్ని. చూడకుండా ఉంటే ఇంకా మండేది. ఆ పిల్లోనికి ఏమన్నా కావాలని నేను కోరుకోలేదు. మోపెడు టైరు పంచరు కావాలని మాత్రం శానాసార్లు కోరుకున్నాను. ఒకసారి అయింది కూడా. ఆ దినం నాకు అన్నం బాగా సయించింది.

మూడో నెలలో అక్కమ్మ వక్కాకు నములుతా, "మావానికి సంబంధాలు వస్తాండాయి సంజీవమ్మా," అనింది. "కడప నుంచి టీచరు పిల్లనిస్తామంటాండారు. ఆ పిల్లకు గవర్నమెంటు జీతమంట. మీ ఈశ్వరికి యాడన్నా చూస్తాండావా మరి?"

"చూస్తాండాం," అన్నాను.

ఒకటే ఇల్లు అన్న శెట్టి మాట ఆ పొద్దుతో పోయింది. పని పోయింది, దుడ్లు పోయినాయి, పిల్లోడు కూడా పోయినాడు. ఈశ్వరికి వాని మీద ఆశ ఉన్నట్టు నాకెప్పుడూ కనపడలేదు. ఆశంతా నాదే.

ఆ నెల కడపటి దినాన ఈశ్వరి శెట్టిని అడిగింది. "నేను పని నేర్పిన మనిషికి పద్దెనిమిది వందలు, నాకు ఏడు వందలు, ఇదెట్ల సావుకారూ," అని. శెట్టి తక్కెడ మీది నుంచి కండ్లు ఎత్తకుండానే, "మీ అమ్మనడుగు," అన్నాడంట.

ఇంటికొచ్చింది. నేను రాగిసంకటి కెలుకుతాండా.

"అమ్మా, నువ్వు అంగడికి పోయినావా?"

చెప్పక తప్పలేదు. "భయమై పోయినా. నీకేమన్నా అయితే నేనెట్ల బతకాల?"

"కాలే ఊర్లకు ఐదుసార్లు పోయొచ్చినా. అప్పుడు నువ్వు శెట్టి దగ్గరికి పోలేదు."

"అప్పుడు కూడా భయమే కదే."

"ఇరవై రూపాయలకు పోతే ఇంట్లో కూర్చోని భయపడినావు. పద్దెనిమిది వందలొచ్చే కాడికి అంగడిదాకా నడిచిపోయి భయపడినావు," అనింది. గొంతు పెంచలేదు. పెంచింటే బాగుండు. సంకటి తినింది, గిన్నె కడిగింది, పండుకునింది.

అంతలో మళ్లీ ఎలక్షన్లు. ముద్దనూరు పక్కన ఒక మనిషిని చంపినారు. చెన్నకేశవ వాళ్ల సొంతూరు ఒక పార్టీ ఊరు. చిలమకూరు దాటినాక బస్సు ఆపి ఊరు పేరు అడిగితే, వానికి నోట మాట రాలేదంట. పక్క సీటు ముసలాయమ్మ, "నా మనవడు నాయనా, మూగోడు," అని చెప్పి కాపాడిందంట. దిగి ఎదురు బస్సెక్కి ఇంటికొచ్చి జ్వరమని పండుకున్నాడు. లైను ఆగిపోయింది.

రెండో దినం రంగయ్య శెట్టి మా ఇంటికే వచ్చినాడు. ఆయన మా సందులో అడుగు పెట్టడం అదే మొదలు. గడప బయటే నిలబడినాడు.

"ఈశ్వరీ, రేపు పులివెందులకు పోయి రావాల. పెండ్లోళ్ల ఆర్డరు, ఎల్లుండి ముహూర్తం."

"బావ పోతాడు కదా సావుకారూ."

"వానికి జ్వరం."

"తగ్గినాక పోతాడులే."

"వాని జ్వరం తగ్గేదాకా పెండ్లి ఆగుతాదా మే. ఈసారి బట్టా నలభై ఇస్తా."

"లైను నాకియ్యి. బావకిచ్చే జీతమే ఇయ్యి. రేపే కాదు, ఎప్పుడంటే అప్పుడు పోతా."

"నీకు తెలీదు. చల్లగా ఉండే దినాల్లో ఆడ అంగళ్లోళ్లు ఆడపిల్లతో బేరానికి కూర్చుంటారా? మా అంగడి పరువేం కావాల?"

"కాలే దినాల్లో కూర్చున్నారు కదా."

శెట్టి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "మొగోడంటే రేపు పెండ్లాం బిడ్డలు ఉంటారు. సంసారం నడపాల."

"నాకు మా అమ్మ ఉంది. ఆయమ్మ కూడా అన్నమే తింటాది."

ఆయన నా తట్టు తిరిగినాడు. "సంజీవమ్మా, నువ్వు పెద్దదానివి. ఈ ఒక్కసారికి పొమ్మని చెప్పు. ఆడోళ్లను ఎవరూ ఏమనరు, నీకు తెలియందా."

మూడు నెలల కిందట నేను ఈయన్ను వేడుకున్నప్పుడు ఆ మాట ఎందుకు చెప్పలేదో అడగాలనిపించింది. కానీ ముద్దనూరు పక్కన పడిన శవం కండ్ల ముందర ఉంది. వద్దు, లైనూ వద్దు, అంగడీ వద్దు, నా బిడ్డ ఇంట్లోనే ఉండనీ అని చెప్పేదానికే నేను నోరు తెరిచినాను.

అప్పుడే సందు చివర హారను రెండుసార్లు మోగింది. జ్వరమని పండుకున్నోడు వాళ్లమ్మను ఎనక కూర్చోబెట్టుకోని గుడికి తీస్కపోతాండాడు. అక్కమ్మ తలలో మల్లెపూలు. మా ఇంటి ముందర మోపెడు నిదానం చేయించి, "ఏం సంజీవమ్మా, శెట్టిగారే వచ్చినాడే," అనుకుంటా పోయింది.

"సామీ," అన్నాను, "ఆ పొద్దు నేను చెప్పిన మాట ఎనక్కి తీసుకుంటాండా. మా బిడ్డ పోతాది. పద్దెనిమిది వందలకు పోతాది. నలభైకి పోదు. తక్కువలో కావాలంటే మీ ఇంట్లో ఆడోళ్లను పంపుకో."

నా భయం కంటే నా కుళ్లు పెద్దదని ఆ పొద్దు నాకు తెలిసింది. ఈశ్వరి నా తట్టు చూసింది. దాని కండ్లలో నీళ్లు తిరిగినాయి. నేను దానికోసం ధైర్యం తెచ్చుకున్నానని అనుకునింది పాపం. నేను కాదని చెప్పలేదు.

శెట్టి ఆలోచన చేస్తానని ఎలబారిపోయినాడు.

మరుసటి దినం పొద్దున అక్కమ్మ మా వాకిట్లోకి వచ్చింది. పట్టుచీర. మెడలో కాసులపేరు, దాని మీద నెక్లెసు, చేతులకు మోచేతి కాడికి గాజులు. బస్టాండుకు మా సందు దోవ కాదు. కావాలనే వచ్చింది.

"మావాని పని కదా, ఇంట్లోదాన్ని నేను పోకపోతే ఎట్ల," అనింది. "ఎట్లుండాయే నాకు?"

ఐదుసార్లు అదే మాదిరి బంగారు నా కూతురు ఏసుకోని పోయింది. ఒక్కసారి కూడా నేను బంగారును చూడలేదు. కత్తులే చూసినాను, బాంబులే చూసినాను. ఆ పొద్దు అక్కమ్మ మెడలో మొట్టమొదటిసారి చూసినాను. ఒక్కొక్క కాసు ఎంత తళతళా మెరుస్తాందో.

"బాగుండాయి వదినా. పెండ్లికూతురి మాదిరి ఉండావు," అన్నాను. ఇంట్లోకి పోయి చెంబెడు నీళ్లు తాగినాను.

ఆమె క్షేమంగా వచ్చింది. బస్సు కూడా టైముకు వచ్చింది. దోవలో రెండుచోట్ల ఆపినారంట, ఈమెను ఎవరూ కన్నెత్తి చూడలేదంట. ఇంగ ఈ లైను ఆమెదే, ఆమె కొడుకుదే అనుకోని నేను మిల్లులో చేట పట్టుకోని కూర్చున్నాను. మేస్త్రీ రెండుసార్లు పిలిచినా వినపడలేదు.

సాయంత్రం ఈశ్వరి వచ్చి చెప్పింది. ఆ దినం అక్కమ్మ తొమ్మిది తులాల పాత బంగారు తెచ్చి అంగట్లో ఇచ్చింది. శెట్టి ఈశ్వరిని పిలిచి గీయమన్నాడు. అది రెండు గాజులు చేతిలోకి తీసుకోగానే కింద పెట్టేసిందంట. పైన పూత, లోపల రాగి. ఒక గొలుసులో కూడా సగం అంతే.

"అత్తను అడిగినా, తీసుకునేటప్పుడు చూడలేదా అని," అనింది ఈశ్వరి. "ఆడ అంగడాయన చూసుకో తల్లీ అన్నాడంట. ఈమె చూసిందంట. పచ్చగా ఉందని తీసుకునిందంట."

నేను నవ్వినాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకోని, కండ్లలో నీళ్లొచ్చే కాడికి నవ్వినాను. శెట్టి పులివెందులకు ఫోను చేస్తే, మీ ఆయమ్మ చూసుకునే తీసుకుంది కదా అన్నారంట. ఇంగ ఎవరిని ఏమనాల.

ఈశ్వరి మాత్రం నవ్వలేదు. "శెట్టి లైను నాకిచ్చినాడు. పదిహేను వందలు," అనింది.

"మీ బావకు?"

"కౌంటరులో కూర్చోబెట్టినాడు. జీతం అదే పద్దెనిమిది వందలు. ఒకసారి ఇచ్చిన జీతం మొగోనికి తగ్గిస్తే బాగుండదంట."

నా నవ్వు ఆగిపోయింది. "ఫ్యాను కింద కూర్చునేటోనికి పద్దెనిమిది, బస్సుల్లో తిరిగేదానికి పదిహేనా? నువ్వు ఒప్పుకున్నావా?"

"ఒప్పుకున్నా. ముందు పని చేతికి రానీ. దీపావళికి అడుగుతా."

ఏడు వందల నుంచి పదిహేను వందలు. ఎనిమిది వందలు ఎక్కువ వచ్చిందని ఇంకొక తల్లి అయితే కొబ్బరికాయ కొట్టేది. నాకు ఆ రాని మూడు వందలే కండ్ల ముందర ఆడినాయి. అక్కమ్మ ఆ మూడు వందలతో ఏమేం కొంటాదో మనసులో కొనుక్కుంటా పోయినాను.

ఎలక్షన్లు అయిపోయి ఊర్లు సద్దుమణిగినాక ఈశ్వరి లైనుకు బయలుదేరింది. ఈసారి పట్టుచీర లేదు, ఒంటి మీద నగలు లేవు. సరుకంతా నడుముకు కట్టుకున్న సంచిలో, పైన మామూలు నూలు చీర. చేతిలో అంగడి పేరు రాసిన బిల్లు బుక్కు. నేను బస్టాండు దాకా పోయినాను. జమ్మలమడుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది దానికి.

నాకు నోటినిండా భయం ఉంది. జాగ్రత్త, ఎవరితో మాట్లాడద్దు, చీకటి పడకముందే వచ్చేయ్ అని చెప్పేదానికే కిటికీ దగ్గరికి పోయినాను. బయటికి వచ్చిన మాట వేరే.

"దీపావళి దాకా ఎందుకే? ఆ మూడు నూర్లు ఉగాదికే అడుగు."

"నువ్వే అడుగు," అనింది ఈశ్వరి. "నన్ను వద్దని చెప్పేదానికి ఒకసారి పోతివి కదా. ఇప్పుడు ఇయ్యమని చెప్పేదానికి పో."

కండక్టరు ఈల ఏసినాడు. బస్సు మలుపు తిరిగేదాకా చూసినాను. మిల్లుకు అప్పటికే ఆలస్యమైంది, మేస్త్రీ సగం కూలి కోస్తాడు. కోసుకోనీ అనుకున్నాను. కొంగు సరిచేసుకోని మార్కెట్టు వీధి తట్టు నడిచినాను. శెట్టితో మొదటి మాట ఏం చెప్పాలో, చెన్నకేశవ ముందరే చెప్పాలో, వాన్ని పక్కకు పొమ్మనాలో తెలియలేదు. వాని ముందరే చెప్దామనుకున్నాను. వాడు ఇంటికి పోయి వాళ్లమ్మకు చెప్తాడు.